డాబా మీద సూర్యఘర్: ఏడాది వాడిన తరువాత

పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ (అంటే ఉచిత కరెంటు) యోజన కింద మా డాబా మీద ఆరు సోలార్ ప్యానెళ్లు పెట్టించుకుని ఏడాది దాటింది. ఏ ప్యానెల్ మంచిది, ఏ ఇన్వర్టర్ మన్నుతుంది అని చెప్పేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు కనుక ఆ జోలికి నేను పోవడం లేదు. బొగ్గు కరెంటు నుంచి మనల్ని మళ్లించడానికి ప్రభుత్వం ప్రజల డబ్బుతో నడుపుతున్న ఈ రాయితీ సేవ, దాన్ని వాడుకోబోయిన ఒక సాధారణ గృహస్థుకు ఎలా కనిపించిందో చెప్పడమే నా ఉద్దేశం. ముందుగానే చెప్పేస్తాను: ఇస్తామన్న డబ్బు ఇచ్చారు, బిల్లు నిజంగానే తగ్గింది. అయితే ఈ సేవ ఎవరి చేతికి సులువుగా అందుతుందో, ఎవరి గుమ్మం దాకా వచ్చి వెనుదిరుగుతుందో ఈ ఏడాదిలో బాగా తెలిసివచ్చింది. నాకున్న అసంతృప్తి అంతా దాని గురించే.

పథకం వివరాలు క్లుప్తంగా చెబుతాను. 2024 ఫిబ్రవరి 1న మధ్యంతర బడ్జెట్‌లో ప్రస్తావనకు వచ్చి, అదే నెల 13న ప్రధాని చేతుల మీదుగా మొదలై, 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదం పొందింది. 2026-27 ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కోటి ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టించాలన్నది లక్ష్యం, కేటాయింపు రూ.75,021 కోట్లు. అందులో ఇళ్లవారికి నేరుగా ఇచ్చే రాయితీ వాటా రూ.65,700 కోట్లు, అంటే ఇంటికి సగటున అక్షరాలా అరవై అయిదు వేల ఏడు వందల రూపాయలు. ఒక కిలోవాట్‌కు రూ.30,000, రెండింటికి రూ.60,000, మూడు కిలోవాట్లకు రూ.78,000 వస్తుంది. మూడు దాటి ఎంత పెట్టుకున్నా అదే రూ.78,000. మొదటి రెండు కిలోవాట్లకు ప్రామాణిక ధరలో 60 శాతం, మూడో దానికి 40 శాతం అనే లెక్క నుంచి ఈ అంకెలు వచ్చాయి. ఈ కూర్పు నాకు నచ్చింది. పది కిలోవాట్లు పెట్టుకోగల బంగళా యజమానికీ, మూడుతో సరిపెట్టుకునే నాకూ ఖజానా నుంచి వచ్చేది ఒకటే మొత్తం కావడంలో న్యాయం ఉంది. రాయితీ పథకాల్లో ఇంతపాటి ఆలోచన అరుదుగానే కనిపిస్తుంది.

దరఖాస్తు మాత్రం అనుకున్నంత తొందరగా మొదలుకాలేదు. జాతీయ పోర్టల్‌లో కరెంటు సర్వీస్ నంబరు కొట్టగానే తెర మీద మా నాన్నగారి పేరు వచ్చింది. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఇంటి పన్ను నా పేరుకు మారింది గానీ, బిల్లు ఠంచనుగా కడుతున్నాం కదా అన్న ధీమాతో కరెంటు సర్వీసు సంగతి ఎవరం పట్టించుకోలేదు. రాయితీ జమ కావాలంటే బ్యాంకు ఖాతాలోని పేరూ సర్వీసు మీది పేరూ ఒకటి కావాలి. దానితో మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గర ఒకటి, పుణెలో ఉన్న చెల్లెలి దగ్గర మరొకటి నిరభ్యంతర పత్రాలు, ఇంటి పన్ను రసీదు, ఇవన్నీ కూర్చుకుని పేరు మార్చుకునేసరికి ఏడు వారాలు పట్టింది. పథకం ప్రచారంలో చెప్పే మెట్లలో ఎక్కడా ఈ మెట్టు లేదు. మా వీధిలో నేను వాకబు చేసిన పద్నాలుగు ఇళ్లలో అయిదింటి సర్వీసులు ఈ రోజుకీ గతించిన పెద్దల పేరు మీదే ఉన్నాయి. ఆస్తి పంపకాలు తేలని ఇంట్లో, అన్నదమ్ములకు మాటలు లేని ఇంట్లో, ఆ సంతకాలు ఎప్పటికి వస్తాయి? కాబట్టి ఈ పథకం మీద మనసు పడినవారు ప్యానెళ్ల ధరలు వాకబు చేయడానికి ముందే తమ కరెంటు బిల్లు తీసి, దాని మీద ఎవరి పేరుందో చూసుకోవాలని నా మొదటి సలహా.

పేరు మారిన తరువాత దరఖాస్తు భాగం హాయిగా సాగిపోయింది. పది కిలోవాట్లలోపు ప్లాంట్లకు సాంకేతిక సాధ్యత పరిశీలన అవసరం లేకుండా 2024లోనే విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించారు. అందువల్ల కరెంటు ఆఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి మేడ ఎక్కి చూసి సరేననాలి అన్న పాత తతంగం నాకు ఎదురుకాలేదు. జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుని అరగంటలో దరఖాస్తు పూర్తి చేశాను, మర్నాటికి ఆమోదం వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైటు ఇంత మర్యాదగా పనిచేయడం నాకు కొత్త.

తరువాత ఏజెన్సీ ఎంపిక. పోర్టల్‌లో మన జిల్లాకు నమోదైన వెండర్ల జాబితా ఉంటుంది, కానీ ఎవరి పనితనం ఎలాంటిదో ఆ జాబితా చూసి తెలుసుకోలేము. ముగ్గుర్ని పిలిపించాను. ఒకాయన మూడు కిలోవాట్లకు ఒక ధర చెప్పి, రాయితీ వద్దనుకుంటే అదే సామర్థ్యం పాతిక వేలు తక్కువకు పెట్టిస్తానన్నాడు. కారణం అడిగితే అసలు విషయం బయటపడింది. రాయితీ రావాలంటే ప్యానెలే కాక అందులో ఎండను కరెంటుగా మార్చే సెల్ కూడా మన దేశంలో తయారైనదే కావాలి. వాడుకలో వీటిని డీసీఆర్ ప్యానెళ్లంటారు. బయటి నుంచి తెచ్చిన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లు వీటికన్నా చవక. అంటే నాకు వచ్చిన డెబ్బై ఎనిమిది వేలలో మూడో వంతు నా గుమ్మంలో ఆగకుండా దేశీయ కర్మాగారాలకు పోయిందన్నమాట. దీన్ని నేను తప్పుపట్టను. ప్రజాధనం పెట్టి కోటి డాబాల మీద ప్యానెళ్లు పరిచేటప్పుడు, ఆ గిరాకీతో ఇక్కడి పరిశ్రమ నిలదొక్కుకోవాలనుకోవడం సబబే. నా బాధల్లా ఆ సంగతి కొనేవాడికి ఎక్కడా విడమర్చి చెప్పకపోవడం గురించి. ఎవరి డబ్బు ఎటు పోతోందో రసీదు మీద ఒక వరుస రాస్తే సరిపోయేది.

మొత్తం ఖర్చు రూ.1,95,000 అయింది. ఒక్కొక్కటి 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, ఇన్వర్టర్, జీఐ స్ట్రక్చర్, ఎర్తింగ్, పిడుగు కడ్డీ, తీగలు, బిగింపు కూలి అన్నీ అందులోనే. ఫిబ్రవరి రెండో వారంలో ఇద్దరు కుర్రాళ్లు వచ్చి రెండు రోజుల్లో పని ముగించారు. డాబాకు తూర్పున పక్కింటివారి వేపచెట్టు ఉందని ముందే చూపించినా, కొలతలకు వచ్చినవాడు నీడ లెక్క సరిగా వేయలేదు. చలికాలంలో ఉదయం తొమ్మిదిన్నర దాకా ఒక మూల ప్యానెల్ మీద కొమ్మల నీడ పడుతోంది. ఒకే వరుసలో కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద నీడ పడితే దాని ప్రభావం మొత్తం వరుస మీద ఉంటుందని నేను తరువాత తెలుసుకున్నాను. కొలతల రోజున మీరే ఉదయమొకసారి, సాయంత్రమొకసారి డాబా ఎక్కి నీడ ఎంతవరకు వస్తోందో సుద్దముక్కతో గీత గీసి ఉంచుకోండి. ఆ పని ఏజెన్సీకి వదిలేయడం నా పొరపాటు. మరో చిన్న బాధ కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. నేను ఏడు నెలలు తొందరపడ్డాను. దానికి ఎవరినీ అనలేం.

ప్యానెళ్లు బిగించిన రోజుకీ కరెంటు ఇచ్చిన రోజుకీ మధ్య ముప్పై మూడు రోజులు గడిచాయి. ఇంట్లోకి వచ్చే కరెంటునూ, ఇంటి నుంచి బయటికి వెళ్లే కరెంటునూ లెక్కపెట్టే నెట్ మీటర్లు సెక్షన్ కార్యాలయంలో నిండుకున్నాయని, వచ్చాక వరుస ప్రకారం బిగిస్తామని చెప్పారు. మంచి ఎండలు కాచే రోజుల్లో రెండు లక్షల సామాను డాబా మీద ఊరికే పడుంది. కోటి ఇళ్ల పథకానికి మీటర్లు ఎన్ని కావాలో ముందే తెలియని లెక్కేమీ కాదు. ఇక రాయితీ సంగతి. మీటరు బిగించి, తనిఖీ పూర్తయి, ప్లాంటు ప్రారంభమైనట్టు నివేదిక వచ్చాక బ్యాంకు వివరాలు పోర్టల్‌లో ఇస్తే ముప్పై రోజుల్లో జమ అవుతుందని అందులో రాసి ఉంది. నాకు అలా కాలేదు, ఎందుకంటే ఏజెన్సీవారు ప్యానెళ్ల సీరియల్ నంబర్లు ఎక్కించేటప్పుడు ఒకదానిలో 8 బదులు 3 కొట్టారు. దరఖాస్తు వెనక్కి వచ్చింది. ఆ సంగతి నాకు ఏ సందేశం ద్వారానూ తెలియలేదు, ఇరవై రోజుల తరువాత నేనే పోర్టల్‌లోకి వెళ్లి చూసుకుంటే ఎర్ర అక్షరాల్లో కనిపించింది. సరిదిద్దాక పదకొండు రోజుల్లో, మే నెలలో, రూ.78,000 ఒకే మొత్తంగా ఖాతాలో పడింది. ఎవరి చేతులూ తడపవలసిన అవసరం రాలేదు. ఈ రెండు వాక్యాలనూ ఈ పథకానికి నేనిచ్చే ప్రశంసగానే తీసుకోవచ్చు.

ఈ వరస గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. ముందు మనం పూర్తిగా కట్టాలి, ఆ తరువాత ప్రభుత్వం మనకు తిరిగిస్తుంది. పూర్వం ఇలా ఉండేది కాదు. ఇంటి పైకప్పు సోలార్ రెండో దశ అని 2019లో నడిచిన కార్యక్రమంలో డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, టెండరు పిలిచి ఏజెన్సీలను ఖరారు చేసేది, ఇంటివారు రాయితీ పోగా మిగిలినదే కట్టేవారు, రాయితీని ఏజెన్సీ తరువాత డిస్కం నుంచి రాబట్టుకునేది. ఆ డబ్బు నెలల తరబడి రాక ఏజెన్సీలు విసిగిపోయేవి. 2022 నాటికి డాబాల మీద 40 గిగావాట్లు (నాలుగు కోట్ల కిలోవాట్లు) అన్న లక్ష్యం చేరుకోలేకపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. అందుకే 2022 జులైలో జాతీయ పోర్టల్ తెచ్చి డబ్బు నేరుగా ఇంటివారి ఖాతాకు మళ్లించారు. మధ్యవర్తి పోయాడు, లావాదేవీ శుభ్రపడింది, అంతవరకు నిజం. కాని ఎదురుచూసే భారం మాత్రం పోలేదు, ఏజెన్సీ నెత్తి మీది నుంచి గృహస్థు నెత్తి మీదికి మారింది. నేను ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. గ్రాట్యుటీ డబ్బు కొంత బ్యాంకులో ఉంది కాబట్టి ఆ మూడు నెలలూ డెబ్బై ఎనిమిది వేలు ఎక్కడో ఇరుక్కున్నా నాకు నిద్ర పట్టింది.

అందరికీ అలా పట్టదు. మా వీధి చివర దర్జీ పని చేసుకునే ఒకతను నన్ను చూసి ముచ్చటపడి రెండు కిలోవాట్లకు దరఖాస్తు పెట్టాడు. పథకంలో తాకట్టు లేని అప్పు ఏర్పాటు ఉంది. మూడు కిలోవాట్ల వరకు రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) మీద అర శాతం కలిపిన వడ్డీకి బ్యాంకులు ఇవ్వాలి, మంత్రివర్గం ఆమోదించిన నాటికి అది సుమారు 7 శాతం.  కాగితం మీద చక్కగా ఉన్న ఈ అప్పు కోసం అతను బ్యాంకుకు వెళ్తే ఆదాయ పన్ను రిటర్నులు అడిగారు, అవి లేవంటే మళ్లీ రమ్మన్నారు, మళ్లీ వెళ్తే సంబంధిత అధికారి సెలవులో ఉన్నాడు. నాలుగోసారి అతను బ్యాంకు మెట్లెక్కలేదు, భార్య గాజులు తాకట్టు పెట్టాడు. రాయితీ వచ్చాక విడిపించుకున్నాడనుకోండి. కాని తాకట్టు లేని అప్పు అని ప్రకటించిన పథకం కోసం గాజులు తాకట్టుకు వెళ్లాయి. ఇంకొక ఏజెన్సీ అయితే రాయితీ మొత్తం తరువాత ఇవ్వొచ్చు అంటూ ఉదారంగా చెప్పి, తేదీ వేయని చెక్కు మీద సంతకం చేయించుకుంటోంది. అలాంటి చెక్కు ఇచ్చేముందు నాలుగుసార్లు ఆలోచించాలి.

ఇక లాభం ఎంత అన్న ప్రశ్న. ఏప్రిల్‌లో మా ప్యానెళ్లు 397 యూనిట్లు ఇచ్చాయి, ముసురు పట్టిన జులైలో 268 మాత్రమే. ఏడాది మొత్తం మీద 4,150 దాకా వచ్చాయి. వేసవిలో మా వాడకం నెలకు 420 యూనిట్లు, మిగతా కాలంలో 270 ఉంటుంది. మా ఆంధ్రప్రదేశ్‌లో గృహాలకు మొదటి 30 యూనిట్లకు రూ.1.90, ఆపైన 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, అది దాటితే రూ.9.75 చొప్పున పడుతుంది. నెలకు 420 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు ఛార్జీ ఒక్కటే రూ.2,743 అవుతుంది. అందులో సగానికి పైగా చివరి రెండు శ్లాబులదే. ప్యానెళ్లు వచ్చి ముందుగా కొట్టేసేది ఆ ఖరీదైన యూనిట్లనే. అలా ఏడాదికి నాకు ఇరవై ఒక్క వేల రూపాయలు మిగిలాయి. రాయితీ పోగా నేను పెట్టిన రూ.1,17,000 అయిదున్నరేళ్లలో తిరిగి వస్తుంది, ఆ తరువాత వచ్చేదంతా మిగులే. ప్యానెళ్లకు ఇరవై అయిదేళ్ల వారంటీ ఉంది కనుక ఇది మంచి బేరమే. పేరులోని ముఫ్త్ అన్న మాటను మాత్రం మరీ నమ్మకండి. యూనిట్లు సున్నా వచ్చిన నెలలో కూడా స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ వంటివి ఉండనే ఉంటాయి, బిల్లు పూర్తిగా సున్నా కాదు.

ఇప్పుడు ఇదే లెక్కను నెలకు 75 యూనిట్లు వాడే ఇంటికి వేసి చూడండి. రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు, ఒక టీవీ ఉన్న ఇల్లు. వారి కరెంటు ఛార్జీ నెలకు రూ.192, ఏడాదికి రూ.2,304. ఒక కిలోవాట్ ప్లాంటుకు డెబ్బై వేలనుకుంటే రాయితీ పోగా నలభై వేలు చేతి నుంచి పడతాయి. బిల్లు మొత్తం మాఫీ అయిందనుకున్నా ఆ నలభై వేలు వెనక్కి రావడానికి పదిహేడేళ్లు దాటుతుంది. అంటే, ఎక్కువ కరెంటు కాల్చేవాడికి ఈ పథకం అయిదారేళ్ల బేరం, తక్కువ కాల్చేవాడికి జీవితకాలపు ఎదురుచూపు. ఎక్కువ కాల్చేవాడి చేత బొగ్గు కరెంటు మాన్పిస్తే దేశానికి ఎక్కువ ప్రయోజనం కదా అని వాదించవచ్చు, ఆ వాదనలో పస ఉంది. అయితే ఆ ప్రయోజనానికి ఖర్చయ్యే డబ్బు తక్కువ కాల్చేవాడు కట్టే పన్నుల్లో నుంచి కూడా వస్తోంది. ఈ లోటు కనిపెట్టే కాబోలు, మా రాష్ట్రం ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు పూర్తి ఉచితంగా, బీసీలకు రెండు కిలోవాట్లకు అదనంగా రూ.20,000 ఇచ్చేలా తన వంతు కలిపింది. ఉచిత కరెంటు పొందే ఇళ్ల తరఫున ప్రతి ఏడాదీ డిస్కంకు చెల్లించే సొమ్ము కన్నా, ఒకసారి ప్యానెల్ పెట్టించడం ప్రభుత్వానికి కూడా గిట్టుబాటే.

తెలంగాణలో ఉన్న మా వదినగారు ఇదే సంగతి మరో వైపు నుంచి చెప్పారు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. "నాకు వచ్చేదే సున్నా బిల్లయితే, లక్ష పెట్టి మళ్లీ సున్నా తెచ్చుకోమంటావేమిటయ్యా?" అన్నారావిడ. నా దగ్గర జవాబు లేకపోయింది. ఒక ప్రభుత్వం ప్యానెల్ పెట్టుకో అని డబ్బిస్తుంటే, మరో ప్రభుత్వం పెట్టుకోనవసరం లేకుండా డబ్బిస్తోంది. రెండూ ప్రజల డబ్బే.

డిస్కంల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. యూనిట్‌కు తొమ్మిది రూపాయలు కట్టే నా వంటివాళ్ల దగ్గర వచ్చే మిగులుతోనే వారు రెండు రూపాయల వినియోగదారుడిని నెట్టుకొస్తారు. మేమంతా డాబా ఎక్కేస్తే ఆ లోటు ఎక్కడ పూడ్చుకోవాలి? పైగా పగటిపూట నేను వాడుకోని కరెంటును గ్రిడ్‌లోకి, అంటే అందరికీ కరెంటు తెచ్చే లైన్లలోకి, పంపి, రాత్రి ఏడు గంటలకు ఏసీ వేసుకుని అంతే కరెంటు తిరిగి తెచ్చుకుంటున్నాను. పగటి యూనిట్‌కు విలువ తక్కువ, సాయంత్రపు యూనిట్‌కు విలువ ఎక్కువ. నెట్ మీటరు దృష్టిలో రెండూ సమానమే. అంటే డిస్కం నాకు ఖర్చు లేని బ్యాటరీలా పనిచేస్తోంది. అందుకే కేంద్రం వారికి ప్రోత్సాహకంగా రూ.4,950 కోట్లు పక్కన పెట్టింది. మా సెక్షన్ కార్యాలయంలో మీటర్ల కోసం తిరిగినప్పుడు ఆ ఉత్సాహం ఛాయలైనా కనిపించలేదన్నది వేరే విషయం.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి, కొనబోయేవారిలో పదిమందిలో తొమ్మిదిమంది అపోహపడే విషయం చెబుతాను. ఈ పథకం కింద సాధారణంగా పెట్టేది గ్రిడ్‌తో ముడిపడిన ప్లాంటు, బ్యాటరీకి రాయితీ లేదు. కరెంటు పోతే ఎండ మండిపోతున్నా ఇంట్లో దీపం వెలగదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా పట్టణంలోనూ స్తంభాలు కూలి రెండు రోజులు కరెంటు లేదు. గాలివానకు ప్యానెళ్లు చెక్కుచెదరలేదు, స్ట్రక్చర్ బిగించిన కుర్రాళ్లకు ఆ పేరు దక్కాలి. రెండో రోజు మధ్యాహ్నానికి మబ్బు విడిచి తెల్లటి ఎండ కాసింది. డాబా మీద మూడు కిలోవాట్లు, కింద ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతున్నాయి, ఇన్వర్టర్ మీద ఎర్ర దీపం. లైన్ సరిచేయడానికి వచ్చిన లైన్‌మన్‌తో నా గోడు చెప్పుకుంటే, "అది ఆగిపోవాలండీ మాస్టారూ, లేదంటే మేము స్తంభం మీద ఉండగా మీ డాబా మీద నుంచి కరెంటు లైన్లోకి వచ్చేస్తుందండీ" అన్నాడు. ఆ తరువాత నేను దాని గురించి ఫిర్యాదు చేయలేదు. కాని ఈ సంగతి అమ్మేటప్పుడు ఏ ఏజెన్సీవాడూ తనంతట తాను చెప్పడు, పోర్టల్ మొదటి పేజీలోనూ పెద్ద అక్షరాల్లో ఉండదు.

నిర్వహణ పెద్ద బరువేమీ కాదు. దాళ్వా కోతలప్పుడు లేచే ధూళికి రోజూ వచ్చే యూనిట్లు ఒకటిన్నర వరకు తగ్గడం ఇన్వర్టర్ యాప్‌లో స్పష్టంగా కనిపించింది. వారానికోసారి తెల్లవారుజామునే, గాజు వేడెక్కకముందు, మెత్తటి తుడుపుకర్రతో కడిగితే చాలు. మా బోరు నీళ్లు ఉప్పన, అవి ఆరితే తెల్లటి చారలు పడుతున్నాయి కాబట్టి ఇప్పుడు మునిసిపల్ నీళ్లే వాడుతున్నాను. ప్యానెళ్ల కింద పావురాలు కాపురం పెట్టాయి, వల కట్టించాను. అయిదేళ్లు ఉచితంగా మరమ్మతులు చూడడం ఏజెన్సీ బాధ్యత అని నిబంధనల్లో ఉంది. మా ఏజెన్సీ మొదటి ఆరు నెలలు ఫోను ఎత్తింది.

పథకం వేగం సంగతి కూడా ఒక మాట. 2025 మార్చికి పది లక్షల ఇళ్లు పూర్తయ్యాయి, అంటే మొదటి ఏడాదిలో పదో వంతు. మిగతా తొంభై లక్షలకు అప్పటికి మిగిలింది రెండేళ్లు. 2025-26 బడ్జెట్‌లో దీనికి రూ.20,000 కోట్లు పెట్టారు కాబట్టి డబ్బు కొరత కాదు. మా వీధి అనుభవాన్ని బట్టి చెబితే, ఆగేది పేరు మార్పు దగ్గర, బ్యాంకు గుమ్మం దగ్గర, మీటరు గోదాము దగ్గర.

మొత్తం మీద అయిదుకు మూడున్నర మార్కులు వేస్తాను. నెలకు 250 యూనిట్లకు పైగా వాడుతూ, సొంత డాబా, తన పేరు మీద సర్వీసు, నీడ పడని పది అడుగుల వెడల్పు ముప్పై అడుగుల పొడవు జాగా, మూడు నెలలు ఆగగలిగే సొమ్ము ఉన్నవారు ఆలోచించకుండా వెళ్లవచ్చు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ముందు లెక్క వేసుకుని వెళ్లండి.

మార్కుల్లో కోత ఎక్కడ పడిందంటే, మా ఇంటి కింది వాటాలో పడింది. అక్కడ అద్దెకు ఉంటున్న ఒక అమ్మాయి కుటుంబానికి వేరే సర్వీసు, వేరే మీటరు. ఇద్దరం ఒకే డాబా కింద ఉంటున్నాం. ఫిబ్రవరిలో మా వాడకం పోగా అరవై రెండు యూనిట్లు గ్రిడ్‌లోకి వెళ్లాయి, అదే నెల ఆ అమ్మాయికి 140 యూనిట్ల బిల్లు వచ్చింది. నా మిగులు ఆమె మీటరుకు మళ్లించవచ్చా అని అడిగాను. ఒక ప్లాంటు కరెంటును వేర్వేరు మీటర్లకు పంచే వర్చువల్ నెట్ మీటరింగ్ పద్ధతిని పథకం మార్గదర్శకాలు అంగీకరిస్తాయి. సెక్షన్ కార్యాలయంలో అడిగితే, అలా ఇంతవరకు తమ దగ్గర ఎవరూ దరఖాస్తు పెట్టలేదని, ఏ ఫారం ఇవ్వాలో పైవారిని కనుక్కుని చెబుతామని అన్నారు. ఆ ఫారం కోసం నేను ఇంకా తిరుగుతున్నాను.